అభిశంసన అయ్యాక పదవి ఉన్నట్టా, పోయినట్టా?

దక్షిణ కొరియా మాజీ అధ్యక్షురాలు పార్క్ గ్యున్ హే మీద ఒక వ్యాసం దిద్దుతున్నాను. "2016 డిసెంబర్ 9న అభిశంసనకు గురై పదవి కోల్పోయారు" అని ఉంది. రెండు పేరాల కింద "2017 మార్చి 10న పదవి నుంచి తొలగించారు" అనీ ఉంది. ఉన్న ఒక్క పదవీ రెండుసార్లు ఎలా ఊడుతుంది? తప్పు తేదీదా, మాటదా?

— తేదీలు రెండూ సరైనవే మేడమ్, మాటతోనే పేచీ. డిసెంబర్ 9న జాతీయ సభలో (అంటే వాళ్ళ పార్లమెంటులో) 300 మందికి 234 మంది అభిశంసనకు ఓటేశారు. దాంతో అధికారాలు ఆగిపోయాయి, ప్రధాని హ్వాంగ్ క్యో ఆన్ తాత్కాలికంగా పగ్గాలు పట్టారు. ఆవిడ మాత్రం అధ్యక్షురాలే, ఉన్నదీ అధ్యక్ష భవనం బ్లూ హౌస్‌లోనే. తేల్చాల్సింది రాజ్యాంగ న్యాయస్థానం. మూడు నెలల తర్వాత ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తొలగించారు. తీర్పు చదివిన న్యాయమూర్తి లీ జంగ్ మి ఆ పొద్దున జుట్టుకు చుట్టుకున్న రోలర్లు రెండు తీయడం మరిచిపోయి అలాగే కారు దిగారు. ఆ ఫొటో కొరియా అంతా తిరిగింది.

— మనవాళ్ళకి ఈ చిక్కు మన రాజ్యాంగం వల్లే వచ్చిందేమో. 61వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మీద ఒక సభ అభియోగం తెస్తే రెండో సభ విచారిస్తుంది. అక్కడ మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానం నెగ్గితే ఆ రోజే పదవి పోతుంది, మధ్యలో కోర్టు లేదు. ఇంతవరకూ ఏ రాష్ట్రపతికీ ఆ గతి పట్టలేదు గానీ, బళ్ళో చదువుకున్నది అదే కదా! 'అభిశంసన' అన్న మాట ధాతువు చూస్తే నింద మోపడం వరకే. ప్రశంసలోని 'శంస' ఇందులోనూ ఉంది, ఉపసర్గ మారేసరికి పొగడ్త తెగడ్త అయింది. అమెరికాలో క్లింటన్ 1998లో అభిశంసనకు గురై కూడా పదవీకాలం పూర్తిచేశాడు. నిక్సన్ సభలో ఓటింగు దాకా రానివ్వకుండానే రాజీనామా ఇచ్చేశాడు కాబట్టి 'అభిశంసనకు గురైన నిక్సన్' అని రాస్తే తప్పే.

— పార్క్ కథలో అసలు తమాషా వేరే ఉంది. 2004 మార్చిలో అప్పటి అధ్యక్షుడు రో మూ హ్యున్‌ను సభలో అభిశంసించింది ఈవిడ పార్టీ వాళ్ళే. జనానికి ఒళ్ళు మండింది. పార్టీ మునుగుతుంటే ఈవిడ నాయకత్వం తీసుకుని, ఆఫీసును డేరాల్లోకి మార్చి, ఏప్రిల్ ఎన్నికల్లో 121 సీట్లతో గట్టెక్కించారు. 'ఎన్నికల రాణి' అన్న పేరూ వచ్చింది. మేలో కోర్టు ఆ అభిశంసనను కొట్టేసింది, రో మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండేళ్ళకి అదే అస్త్రం ఈవిడ మీదికే వచ్చింది. స్నేహితురాలు చోయ్ సూన్ సిల్ ఏ పదవీ లేకుండానే అధ్యక్షురాలి ప్రసంగాలు ముందే చూస్తోందనీ, ఆమె ఫౌండేషన్లకి పెద్ద కంపెనీల చేత డబ్బు కట్టించారనీ బయటపడింది.

— వ్యాసం చివర 'నిర్దోషిగా విడుదల' అని ఉంటే అదీ కొట్టేయండి. మొత్తం 22 ఏళ్ళ శిక్ష 2021 జనవరిలో ఖరారైంది. ఆ డిసెంబర్‌లో క్షమాభిక్ష పెట్టింది మూన్ జే ఇన్, 2012లో ఆవిడ చేతిలో ఓడినాయనే.

— లేదు, ఉత్త 'విడుదలయ్యారు' అనే ఉంది లెండి. మొదటి వాక్యం 'సభ అభిశంసించింది, అధికారాలు నిలిచిపోయాయి' అని మారుస్తున్నాను.

— మరి మన పత్రికల్లో 'న్యాయమూర్తి అభిశంసన' అని రాస్తారే? రాజ్యాంగం 124(4) అధికరణంలో ఉన్నది తొలగింపే కదా, అభిశంసన ఊసే లేదు.

— దానికి వేరే చర్చ తెరవండి మాస్టారూ, ఇక్కడ మొదలెడితే తెల్లారుతుంది.