అజరయ్య బిషప్ గారి కాలం నాటి బాప్తిస్మం రిజిస్టర్లు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. డోర్నకల్ వైపు వాళ్లెవరైనా ఉంటే చిన్న సహాయం చేయండి.

వి. ఎస్. అజరయ్య గారు తిరునెల్వేలి నుంచి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు సంఘం) తొలి భారతీయ బిషప్‌గా, డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

మా నాయనమ్మ ఇప్పటికీ చెయ్యి నెత్తిన పెట్టుకుని, "సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ" అనే బైబిలు మాట (శ్రమ అంటే ఇక్కడ కీడు) చెప్పి చూపిస్తుంది. అజరయ్య గారి కాలంలో, బాప్తిస్మం రోజున వాళ్ల నాన్నతో అలాగే చెప్పించారట. అది ఏ ఏడాదో ఆవిడకు గుర్తు లేదు. తొంభై దాటాయి, ఆవిడ ఉండగానే రిజిస్టర్లో ఆ బాప్తిస్మం పేజీ చూపించాలని నా ఆశ.

1930ల రిజిస్టర్లు ఊరి చర్చిలోనే ఉంటాయా, డయాసిస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం) ఆఫీసులోనా? ఎవరిని అడగాలండీ?