స్పీడోమీటర్ ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడిపోతోంది. మీటర్ బోర్డు మార్చక తప్పదా?

ఖమ్మం_పెట్రోల్:
అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేని వేరియంట్. వానలు మొదలైనప్పటి నుంచి కొత్త తలనొప్పి పట్టుకుంది. సూర్యాపేట రోడ్డు మీద ఎనభైలో పోతుంటే ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది, కాసేపటికి దానంతట అదే లేస్తుంది. పడి ఉన్నంతసేపూ ఓడోమీటర్ (తిరిగిన కిలోమీటర్లు లెక్కపెట్టేది) కూడా తిరగదు. (అమ్మేటప్పుడు కలిసొస్తుందిలే బావా అని మా బావమరిది జోకులు.) నవ్వు రాని సంగతేంటంటే, సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి బండి ఆపేసరికి ఇంజిన్ కూడా ఆగిపోతోంది. ఇంజిన్ లైటు వెలిగే ఉంటోంది.

సర్వీస్ సెంటర్లో స్కానర్ పెడితే పీ0500 కోడ్ వచ్చింది. మీటర్ బోర్డు మొత్తం మార్చాలన్నారు. ఆ రేటు విని బండి తీసుకుని వచ్చేశాను. బయట మెకానిక్ ఏమో స్పీడ్ సెన్సర్ మారిస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? మల్టీమీటర్ ఉంది, వాడటం కాస్త వచ్చు.

నెల్లూరు_కుర్రోడు:
సెన్సర్ ఆన్‌లైన్లో దొరుకుతుంది అన్నా. ఒక్క బోల్టు పని. ఇంత టెన్షన్ ఎందుకు, తెప్పించి పెట్టేయండి.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ (విజయవాడ):
తమ్ముడూ, అంత తొందరేంటి? ఖమ్మం గారూ, అప్పుడే ఏదీ కొనకండి.

మీటర్ బోర్డు ఒక్కటే పోతే ముల్లు పడుతుంది, ఒప్పుకుంటాను. మరి ఇంజిన్ ఎందుకు ఆగుతోంది? బండి కదులుతోందో ఆగిందో ఈసీఎంకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, తెలియక ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలబెట్టలేకపోతోంది. అంటే స్పీడు కబురు బోర్డుకీ అందట్లేదు, ఈసీఎంకీ అందట్లేదు. కొన్ని బళ్లలో సిగ్నల్ బోర్డు మీదుగానే ఈసీఎంకి వెళ్తుంది, వాటిలో బోర్డు పోయినా ఇదే గోల. కానీ వానాకాలంలో మొదలై, వచ్చి పోతూ ఉండే జబ్బంటే నా చెయ్యి ముందు కప్లర్ (సెన్సర్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు) మీదకే పోతుంది. పీ0500 అంటే సెన్సర్ చచ్చిందని కాదండీ, స్పీడ్ సిగ్నల్ సరిగా రావట్లేదని మాత్రమే. వైరు తెగినా, పిన్ను తుప్పు పట్టినా వచ్చేది ఆ కోడే.

బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ డేటాని ఫోన్‌కి పంపే చిన్న స్కానర్) ఒకటి తెచ్చి స్టీరింగ్ కింద పోర్టులో పెట్టండి. ఫోన్లో లైవ్ డేటా తెరిచి వెహికల్ స్పీడ్ చూడాలి. మీరు నడుపుతూ చూడొద్దు, ఆ బావమరిదిని పక్కన కూర్చోబెట్టండి, ఆయనకీ ఒక పని దొరుకుతుంది. ముల్లు పడినప్పుడు ఫోన్లోనూ సున్నా వస్తే సెన్సర్ వైపు వెతకండి. ఫోన్లో ఎనభై ఉండి ముల్లు మాత్రమే పడితే అప్పుడు బోర్డు గురించి మాట్లాడుకుందాం.

మీలాంటి బళ్లకి సెన్సర్ గేర్‌బాక్స్ మీద, డ్రైవ్ షాఫ్ట్ లోపలికి వెళ్లే చోటికి దగ్గర్లో ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ ముక్క. మూడు వైర్లుంటే హాల్ రకం (అయస్కాంత క్షేత్రంలో మార్పుని పసిగట్టేది): సప్లై, ఎర్త్, సిగ్నల్. (రెండే ఉంటే కాయిల్ రకం. తిరిగినప్పుడు అదే ఏసీ పుట్టిస్తుంది, దాన్ని కొలిచే పద్ధతి వేరు.) కప్లర్ ఊడదీసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, సప్లై పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య చూడండి. బండిని బట్టి 12 గానీ 5 గానీ వోల్టులు రావాలి. తర్వాత బ్యాటరీ పాజిటివ్‌కీ ఎర్త్ పిన్నుకీ మధ్య చూస్తే పూర్తి బ్యాటరీ వోల్టేజి కనబడాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా కొత్త సెన్సర్ పెట్టీ లాభం లేదు.

రెండూ ఉంటే కప్లర్ మళ్లీ తగిలించి, వెనక నుంచి సన్నటి గుండుసూది దూర్చి సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టండి. హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం ఒక్కటే జాకీతో లేపి కింద స్టాండ్ పెట్టండి. న్యూట్రల్‌లో ఆ చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే రీడింగ్ సున్నాకీ పై వోల్టేజికీ మధ్య గెంతుతుండాలి. వేగంగా తిప్పితే డిజిటల్ మీటర్ సగటు చూపించి మోసం చేస్తుంది. రెండు ముందు చక్రాలూ లేపొద్దు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరిగి, లోపల డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. మీరేమో మంచి సెన్సర్ని పారేస్తారు.

ఖమ్మం_పెట్రోల్:
అన్నీ చూశానండీ. ముల్లు పడినప్పుడు ఫోన్లోనూ సున్నాయే. సప్లై 12 దాకా ఉంది. ఎర్త్ మాత్రం వైరు కదిలిస్తే వస్తోంది, వదిలేస్తే పోతోంది. కప్లర్ లోపల ఒక పిన్ను పచ్చగా చిలుం పట్టింది. జానెడు అవతల వైరు తొడుగు ఎలక కొరికినట్టుంది, రాగి బయటికి కనిపిస్తోంది. వైరు సరైన చోట పట్టుకుని చక్రం తిప్పితే సిగ్నల్ గెంతుతోంది. ఇంకోటి, కప్లర్ లోపల జిడ్డుగా ఆయిల్ తగిలింది.

మిషిగన్_తెలుగు:
తర్వాత చదివేవాళ్ల కోసం ఒక మాట. ఏబీఎస్ ఉన్న కొత్త బళ్లు చాలావాటిలో గేర్‌బాక్స్ మీద ఈ సెన్సరే ఉండదు. చక్రాల దగ్గరి సెన్సర్ల నుంచి ఏబీఎస్ మాడ్యూల్ స్పీడు లెక్కగట్టి క్యాన్ లైన్లో (బండిలోని కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే వైర్లలో) అన్నిటికీ పంచుతుంది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ దెబ్బకి నా బండికి ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు రెండూ వెలిగాయి. కోడ్ సీ0035, అంటే ముందు ఎడమ చక్రం. లైవ్ డేటాలో మూడు చక్రాలు ఒకే స్పీడు చూపిస్తుంటే అది ఒక్కటే సున్నా. సెన్సర్ కూర్చునే చోట తుప్పు ఉబ్బి దాన్ని పైకి నెట్టేసింది. వీటిలో రెండు వైర్ల యాక్టివ్ రకాన్ని ఓమ్స్‌లో కొలవకండి. అవి 7, 14 మిల్లీయాంప్‌ల మధ్య కరెంటు మారుస్తూ సిగ్నల్ ఇస్తాయి, ఓమ్స్ రీడింగ్‌తో ఏమీ తేలదు. మ్యాగ్నెట్ రింగు ఉన్న వీల్ బేరింగ్‌ని తిరగేసి బిగించినా సిగ్నల్ రాదు.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ (విజయవాడ):
మిషిగన్ గారు చెప్పింది నిజం. ఏబీఎస్ లేదని ఖమ్మం గారు మొదట్లోనే రాశారు కాబట్టి నేను అటు పోలేదు.

ఖమ్మం గారూ, మీకు రెండు పనులున్నాయి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కొరికిన వైర్లకి ఉత్త టేపు చుట్టి వదలొద్దు, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. చిలుం కాంటాక్ట్ క్లీనర్‌తో పోతే సరే, లేదంటే పిన్ను మార్చాలి. ఇక కప్లర్లోకి ఆయిల్ వచ్చిందంటే సెన్సర్ బాడీ లోంచే కారుతోంది. ఈరోజు సిగ్నల్ ఇస్తున్నా దాన్ని మార్చాల్సిందే.

విప్పే ముందు చుట్టూ మట్టి బ్రష్‌తో తుడవండి, లేకపోతే గేర్‌బాక్స్‌లో పడుతుంది. బోల్టు సాధారణంగా 10 నంబరు. అది తీశాక సెన్సర్ని అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా లాగాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే చెవి విరిగి అసలు ముక్క లోపలే ఉండిపోతుంది. కొనకి ప్లాస్టిక్ పళ్ల చక్రం ఉంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టండి. ఒక్క పన్ను తేడా ఉన్నా ముల్లు తప్పు చెబుతుంది. కొత్త ఓరింగ్‌కి (ఆయిల్ కారకుండా ఉండే రబ్బరు రింగుకి) గేర్ ఆయిల్ రాసి, పూర్తిగా కూర్చునేదాకా చేత్తోనే నొక్కండి, బోల్టు బిగించి లోపలికి లాగొద్దు. ఆ మర అల్యూమినియంలో ఉంటుంది, బలం చూపిస్తే పోతుంది.

కోడ్ చెరిపేసి ఒక రౌండు తిరిగి జీపీఎస్ స్పీడుతో పోల్చుకోండి. ముల్లు కాస్త ఎక్కువ చూపించడం మామూలే, తక్కువ చూపిస్తేనే అనుమానించాలి. ఎన్నాళ్ల నుంచి కారుతోందో ఏమో, గేర్ ఆయిల్ లెవెల్ కూడా చూడండి.