కొత్త డీ-మాక్స్‌కి ఏ కెనోపీ వేయించాలి? వాడుతున్నవాళ్లు చెప్పండి

టార్నీట్ తమ్ముడు
మెల్‌బోర్న్ టార్నీట్ నుంచి అందరికీ నమస్కారం. ఇసుజు డీ-మాక్స్ డ్యూయల్ క్యాబ్ బుక్ చేశాను, అదే, రెండు వరుసల సీట్లు, వెనక సామాను తొట్టి ఉన్న యూట్ (పికప్ బండి). ఆ తొట్టి మీద కెనోపీ, అంటే తాళం వేసుకునే పైకప్పు, వేయించాలి. తెల్లది, వచ్చే నెల చేతికొస్తుంది. వారమంతా ఎలక్ట్రికల్ పని, శని ఆదివారాలు పిల్లలతో క్యాంపింగు. ఇప్పుడున్న పాత యూట్‌లో సామానంతా టార్పాలిన్ కింద పెడుతున్నాను. పోయిన నెల సైటులో ఇలా టీకి వెళ్లి అలా వచ్చేసరికి డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవరు రెండూ మాయం. కొత్త బండికి ఆ బాధ వద్దు.

ఫైబర్‌గ్లాస్ వేయించాలా, స్టీలా, అల్యూమినియమా? పక్క అద్దాలు పైకి లేచేవి మేలా, జరిపేవి మేలా? దుమ్ము సంగతేంటి? నోవేటెడ్ లీజులో (జీతంలోంచే కట్టుకునే బండి లీజు) కెనోపీ ఖర్చు కలుస్తుందా? ఫైబర్‌గ్లాస్‌కి రంగు, బిగింపు కలిపి ఒక షాపువాళ్లు 4,600 డాలర్లు చెప్పారు. ఎక్కువా?

కల్గూర్లీ దుమ్ము
తమ్ముడూ, ఏ కెనోపీ కొన్నా దుమ్ము దూరేది ఎక్కువగా టెయిల్‌గేట్ సందుల్లోంచే. కెనోపీ షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

పోయిన ఏడాది గ్రేట్ సెంట్రల్ రోడ్డు మీదుగా మధ్య ఆస్ట్రేలియాలోని ఉలూరు వెళ్లాం. లావర్టన్ దాటాక చాలామటుకు మట్టిరోడ్డే. వార్బర్టన్‌లో ఆగి కెనోపీ తెరిస్తే సోనా మసూరి బస్తా ఎర్రగా అయిపోయింది. సూట్‌కేసు జిప్పు పళ్ల మధ్య ఎవరో కుంకుమ కూరినట్టుంది. కందిపొడి సీసా మూత తిప్పితే కరకరమంది. మా అమ్మాయి పట్టులంగా రెండుసార్లు ఉతికించినా అంచు ఇంకా ఎర్రగానే ఉంది.

బండి పరిగెడుతుంటే వెనకాల గాలి ఒత్తిడి తగ్గుతుంది. అందుకని అక్కడ లేచిన దుమ్మునే సందుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. టెయిల్‌గేట్‌కి కింద, పక్కల, కీళ్ల దగ్గర రబ్బరు బీడింగ్ వేయించు. కెనోపీ నెత్తిన ముందువైపుకి తిరిగిన గాలి మూతి ఒకటి పెట్టించు. ముందు నుంచి గాలి దూరి లోపల ఒత్తిడి పెరిగితే దుమ్ము రావడం తగ్గుతుంది. అన్నీ అయ్యాక రాత్రిపూట లోపల టార్చి వెలిగించి, అన్నీ మూసేసి, బయట నుంచి చుట్టూ చూడు. ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ దుమ్ము వస్తుంది.

వెర్రిబీ వేపచెట్టు
పనివాడికి టబ్ (వెనక సామాను తొట్టి) మీద కెనోపీ దండగ. నేను టబ్ పీకించేసి అల్యూమినియం ట్రే, దాని మీద అల్యూమినియం పెట్టె వేయించాను. రెండు పక్కలా పెద్ద తలుపులు, లోపల అరలు, సొరుగులు. నిచ్చెన పైన. ఏ పనిముట్టు ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి పెట్టి తీస్తాను. ఫైబర్‌గ్లాస్‌లో అయితే టెయిల్‌గేట్ ఎక్కి మోకాళ్ల మీద పాకాలి. నాలుగేళ్లు పాకాను, మోకాళ్లు పోయాయి. డబ్బు ఎక్కువే అయింది, అయినా ఒక్క రోజు కూడా బాధపడలేదు.

బ్రిస్బేన్ బాబాయ్
14 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నేను బిగించినన్ని కెనోపీలు ఇక్కడ ఎవరూ చూసి కూడా ఉండరు. కాబట్టి జాగ్రత్తగా వినండి.

అందరూ రంగు, అద్దాలు అడుగుతారు. బరువు ఎవరూ అడగరు. డీ-మాక్స్ జీవీఎం, అంటే బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి దాటకూడని బరువు, 3,100 కిలోలు. మంచి మోడల్ తీసుకుంటే ఖాళీ బండే 2,100 దాటుతుంది. అంటే మిగిలేది వెయ్యి లోపు. అందులో నువ్వు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు 220 అనుకో. ముందు బుల్‌బార్ ఒక 60. ఫైబర్‌గ్లాస్ కెనోపీ 80. సొరుగులు, ఫ్రిజ్, రెండో బ్యాటరీ 120. పనిముట్లు 150. అప్పుడే 630 అయిపోయింది. ఇంకా నీళ్లు, టెంటు, డీజిల్ జెర్రీ క్యాన్ ఎక్కించలేదు. వెనక క్యారవాన్ తగిలిస్తే దాని బరువులో దాదాపు పదో వంతు టో బాల్ (బండి వెనక తగిలించే గుండు) మీద పడుతుంది. అదీ ఇందులోంచే పోవాలి. 3,500 కిలోలు లాగుతుందని బ్రోచర్లో చూసి మురిసిపోతారు, అంత లాగేటప్పుడు బండిలో పెద్దగా ఏమీ ఎక్కించకూడదని తెలియదు.

వేపచెట్టు గారు చెప్పిన ట్రే, పెట్టె కలిపితే, తీసేసిన టబ్ బరువు పోను కూడా, ఫైబర్‌గ్లాస్‌కి రెట్టింపు పైనే. అన్నీ ఎక్కించి ధర్మకాటా మీద పెట్టి చూడండి.

వెర్రిబీ వేపచెట్టు
పెట్టి చూశాను బాబాయ్ గారూ. ట్యాంకు నిండా డీజిల్, పనిముట్లన్నీ, నేను కూర్చుని 2,940. రసీదు దాచుకున్నాను. 14 ఏళ్ల అనుభవం మీకుంటే మంచిదే, మిగతావాళ్లు కళ్లు మూసుకుని కొంటారని మాత్రం అనకండి.

బ్రిస్బేన్ బాబాయ్
మొత్తం 2,940 సరే. వెనక ఇరుసు మీద ఎంత? అది వేరుగా తూయించారా? డ్యూయల్ క్యాబ్‌లో సామాను సగానికి పైగా వెనక చక్రాల ఇరుసు దాటి వేలాడుతుంది. దానికి తోడు వెనక కుంగిందని స్ప్రింగుల దగ్గర గాలి బ్యాగులు వేసి పైకి లేపుతారు. బండి సమంగా నిలబడుతుంది కానీ, బరువంతా ఛాసిస్‌లో ఒక్క చోట పడి, గతుకుల రోడ్డు మీద అక్కడే వంగుతుంది. వంగిన ఛాసిస్‌లు నా షెడ్డుకి వచ్చాయి. టబ్‌కీ క్యాబిన్‌కీ మధ్య సందు పైన వెడల్పు, కింద ఇరుకు. చూడగానే తెలిసిపోతుంది.

పాయింట్ కుక్ పొయ్యి
మీరంతా పనిముట్ల గోలలో ఉన్నారు. నాది వేరే వాడకం. వారాంతాల్లో కేటరింగ్ చేస్తాను. ఫైబర్‌గ్లాస్ కెనోపీ వేయించాక నా బతుకు మారిపోయింది. రెండు బిర్యానీ డేగిశాలు, సాంబారు గిన్నె, పొయ్యి, 9 కిలోల గ్యాస్ సిలిండర్లు మూడు, అన్నీ పడతాయి. వానలో మెల్టన్ దాకా వెళ్లినా మూత తీస్తే ఆవిరి వస్తుంది. దుమ్ము గారు చెప్పినట్టే బీడింగ్ మొత్తం వేయించాను, చీమ కూడా దూరదు. తమ్ముడూ, అద్దాలు పైకి లేచేవే తీసుకో, డేగిశా పక్క నుంచి దించొచ్చు.

అడిలైడ్ అమ్మడు
పొయ్యి గారూ, చీమ దూరని పెట్టెలో మూడు గ్యాస్ సిలిండర్లా? దయచేసి ఈ రోజే మానేయండి.

పాయింట్ కుక్ పొయ్యి
ఐదేళ్లుగా తీసుకెళ్తున్నానమ్మా. వాల్వు గట్టిగా కట్టేస్తాను. ఏమీ కాలేదు.

అడిలైడ్ అమ్మడు
నేను నర్సుని. కాలిన గాయాల వార్డులో పనిచేశాను. గ్యాస్ మంటకి మొహం, చేతులు కాలిన మనిషికి డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నేను పక్కన నిలబడ్డాను. అందుకే అడుగుతున్నాను, పోట్లాటకి కాదు.

ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, టబ్ అడుగున చెరువులా నిలుస్తుంది. మామూలు టబ్‌లో సందుల్లోంచి పోతుంది. మీరు ఆ సందులన్నీ మూయించారు. అదే పెట్టెలో సెంట్రల్ లాకింగ్ మోటారు, లైటు స్విచ్చి, ఫ్రిజ్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఎండలో నిలిపితే సిలిండర్ లోపల ఒత్తిడి పెరిగి సేఫ్టీ వాల్వు దానంతట అదే గ్యాస్ వదలొచ్చు. మీరు వాల్వు ఎంత గట్టిగా కట్టినా దాన్ని ఆపలేరు.

వెర్రిబీ వేపచెట్టు
అమ్మడు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పొయ్యి గారూ, మీరు వండేది మన పిల్లలు తినే చోట. ఉగాదికి కార్ పార్కులో మీ బండి పక్కనే మా బండి పెట్టుకున్నాం. ఇది తెలిసుంటే పెట్టేవాణ్ణి కాదు. యూట్ అంటే పనిముట్ల బండి, వంటిల్లు కాదు.

పాయింట్ కుక్ పొయ్యి
మాట జాగ్రత్త అండీ. ఉగాది నాడు 300 మందికి వండింది నేను. మీరు రెండుసార్లు పులిహోర వడ్డించుకున్నారు, నాకు గుర్తుంది. ఇంటి అద్దె పెరిగి, ఉద్యోగం పోయినప్పుడు ఈ బండే మా ఇంటిని నిలబెట్టింది. యూట్ ఎవరికి ఎలా వాడాలో మీరు చెప్పక్కర్లేదు.

జీలాంగ్ జాంపండు
ఒక్క మాట. యూట్ పుట్టింది మా ఊళ్లోనే. 1934లో ఇక్కడి ఫోర్డ్ ఫ్యాక్టరీలో ల్యూ బాండ్ట్ అనే యువ ఇంజినీరు గీసిన బండి అది. ఆదివారం చర్చికి, సోమవారం పందుల్ని సంతకి తీసుకెళ్లడానికి ఒకే బండి కావాలని ఒక రైతు భార్య కంపెనీకి ఉత్తరం రాసిందని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. కాబట్టి బిర్యానీకి వాడితే తప్పేం లేదు. గ్యాస్ మాట వేరు, అందులో అమ్మడు గారిదే సరైన మాట.

కొత్తగూడెం కొడుకు
అన్నా, కెనోపీ సంగతికొద్దాం. నేను ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది 900 డాలర్లకి కొన్నా. అమ్మినాయన "డీ-మాక్స్‌దే" అన్నడు. 2018 మోడల్‌ది అది. నా బండి 2021. మోడల్ మారిందని నాకేం తెలుసు? నలుగురం కలిసి ఎత్తి టబ్ మీద పెడితే ముందు మూలల దగ్గర రెండు వేళ్లు దూరేంత సందు. స్పాంజి టేపు కుక్కిన, సిలికాన్ పూసిన, మొదటి వానకే లోపల నీళ్లు. చివరికి 300కి అమ్ముకున్న. తమ్ముడూ, బండి తయారైన సంవత్సరం, మోడల్ రెండూ చూపించి కొను.

బ్రిస్బేన్ బాబాయ్
ఫోర్డ్ రేంజర్‌కీ అంతే. 2022లో వచ్చిన కొత్తది పాతదానికంటే వెడల్పు, పాత కెనోపీ కూర్చోదు. టొయోటా హైలక్స్‌లో అయితే ఏ-డెక్, జె-డెక్ అని టబ్‌లే వేరు. అలాగే అంచుల మీదకి వంగే టబ్ లైనర్ (టబ్ లోపల వేసే ప్లాస్టిక్ తొడుగు) ఉంటే కోయాల్సి వస్తుంది. కెనోపీ వేయించేవాళ్లు అంచు కింద ఆగిపోయే లైనరే తీసుకోండి.

టార్నీట్ తమ్ముడు
అన్నలూ, అక్కా, చాలా సంగతులు తెలిశాయి. లీజు గురించి ఎవరికైనా తెలుసా? దొంగల సంగతి కూడా చెప్పలేదు.

మెర్నాండా మామయ్య
లీజు మొదలవకముందే కెనోపీ కొటేషన్ లీజు కంపెనీకి పంపు. బండితో పాటే బిల్లులో వస్తే కలుపుతారు. నేను బండి వచ్చాక అడిగాను, కుదరదన్నారు, జేబులోంచి పెట్టుకున్నాను. అదొక్కటే నా బాధ. రంగు గురించి భయపడకు. తెలుపు కలపడం తేలిక. నాది ముదురు నీలం, ఎండలో చూస్తే ఇప్పటికీ రెండు బండ్లు అతికించినట్టే ఉంటుంది.

వెర్రిబీ వేపచెట్టు
దొంగలకి అద్దం అడ్డం కాదు. పక్కలకి అద్దం బదులు మూత తలుపు వచ్చే రకం అడుగు, లోపల ఏముందో కనిపించదు. జరిపే అద్దమైతే సగమే తెరుచుకుంటుంది, నీ పనికి చాలదు. క్యాబిన్ పైన ఉన్న బ్రేక్ లైటుని కెనోపీ కప్పేస్తుంది, కాబట్టి కెనోపీ వెనక లైటుకి వైరింగ్ ఇచ్చారో లేదో బండి తీసుకునేటప్పుడే బ్రేకు తొక్కించి చూసుకో.

కల్గూర్లీ దుమ్ము
అమ్మడు గారి మాట చదివి రాత్రి నిద్రపట్టలేదు. బీడింగ్ వేయించమన్నది నేనే. క్యాంపింగుకి మేమూ చిన్న సిలిండర్ లోపలే పెట్టుకుంటాం. ఇక పెట్టను. సందులు మూస్తే దుమ్మే కాదు, లోపలిది కూడా బయటికి పోదన్న సంగతి నాకు తట్టలేదు. తమ్ముడూ, నువ్వు కూడా గ్యాస్ లోపల పెట్టకు.

అడిలైడ్ అమ్మడు
సిలిండర్ మెడ దగ్గర పరీక్ష తేదీ ముద్ర వేసి ఉంటుంది. పదేళ్లు దాటితే మార్పించండి. ఎక్కడికి తీసుకెళ్లినా నిలబెట్టి, కదలకుండా కట్టి, వాల్వు మూసి, మూతికి ప్లగ్ పెట్టండి. గాలి ఆడే చోటే ఉంచండి.

పాయింట్ కుక్ పొయ్యి
నిన్న కోపంలో రాశాను. పొద్దున సబ్బు నీళ్లు కలిపి మూడు సిలిండర్ల వాల్వుల మీదా స్పాంజితో రాశాను. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాని వాల్వు మూసే ఉంది, అయినా కాడ దగ్గర బుడగలు వచ్చాయి. చిన్నవి, ఆవగింజంత, ఒకదాని తర్వాత ఒకటి. ముద్ర చూస్తే 2012. ఐదేళ్లుగా పిల్లల్ని స్కూల్లో దింపి ఇదే బండిలో సిలిండర్లు పెట్టుకుని వెళ్లాను. కాసేపు పెరట్లో మెట్ల మీద కూర్చుండిపోయాను. అమ్మడు గారికి దండం. మూడూ మార్పిస్తున్నాను, ఇక కెనోపీలో పెట్టను.

ఆదివారం టార్నీట్‌లో 80 మందికి వంట ఉంది. సిలిండర్లు తీసుకెళ్లడానికి పైకప్పు లేని ట్రెయిలర్ ఎవరిదైనా ఖాళీగా ఉంటే చెప్పండి, అద్దె ఇస్తాను.

వెర్రిబీ వేపచెట్టు
నాది ఉంది. ఆరు బై నాలుగు అడుగులు, చుట్టూ జాలీ కూడా ఉంది. అద్దె వద్దు. శనివారం సాయంత్రం ఆరు తర్వాత రండి, కట్టడానికి తాళ్లు నేనిస్తాను.