సమస్యాపూరణం: చేత లేని వాఁడె జెట్టి యయ్యె

ఈ వారం సమస్య ఇది: "చేత లేని వాఁడె జెట్టి యయ్యె." ఛందస్సు ఆటవెలది. ఇచ్చినది నాలుగవ పాదం కాబట్టి పైమూడు పాదాలూ మీరు పూరించాలి. యతి చే, జె అక్షరాలకు కుదిరింది. "చేత" అన్న మాటకు పని అనీ, చేతిలో అనీ రెండర్థాలు ఉన్నాయి కనుక విరోధాన్ని ఏ వైపు నుండైనా పరిహరించవచ్చు.

సందర్భాన్ని కూడా చెప్పాలి. కర్నూలులో మా ఇంటి వసారాలో మూడు ఆదివారాలుగా "రా డీల్" కుస్తీ పేకాట మీద చర్చ తెగకుండా సాగుతోంది. కామిక్ ఇమేజెస్ సంస్థ 2000లో విడుదల చేసిన ఈ ఆట 2007లో ఆగిపోయింది. అయినా దాని ఎక్స్‌పాన్షన్లలో, అంటే తర్వాత వచ్చిన అదనపు ముక్కల సంచికల్లో, ఏది ఉత్తమమన్న వాదం మా మధ్య ఇప్పటికీ వేడిగానే ఉంది. ఆట తెలియని వారి కోసం ఒక్క మాట చెబుతాను. ఆటగాడి అరవై ముక్కల కట్టే అతని మల్లుడికి ఒళ్లు. దెబ్బ విలువ ఎంతో అన్ని ముక్కలు కట్ట పైనుండి తిరగబడి పక్కకు పోతాయి, కట్ట అడుగంటినవాడు ఓడిపోతాడు. అలా తిరగబడుతున్న ముక్కల్లో ఆ పట్టుకు విరుగుడు బయటపడితే మిగిలిన దెబ్బ అక్కడే ఆగిపోతుంది. ఆ క్షణంలో ఎదుటివాడి వేలు కట్ట మీద ఆగి, మడతపడిన ముక్క అంచును సరిచేస్తూ ఉంటే, చుట్టూ కూర్చున్న వాళ్లమంతా ఊపిరి బిగబట్టి చూస్తాము.

పూరణకు మల్లుడి పేరు అవసరం లేదు. అయితే ఆట నియమానికి విరుద్ధంగా రాస్తే, ఛందస్సు కుదిరినా దోషంగానే లెక్కిస్తాను.

ఆదోని మిత్రులు పంపిన పూరణ:

పదియు ముక్క లుండెఁ బట్టిన గుప్పిట
వరము గడినిఁ జూడ వ్రాత లేదు
ముక్క వెంట ముక్క మోపుగాఁ బడవేసి
చేత లేని వాఁడె జెట్టి యయ్యె

ఇది ట్రిపుల్ హెచ్ అనే మల్లుడి ముక్క గురించి. మొదటి సంచికలోని ఏడుగురు మల్లుల్లో ప్రత్యేక శక్తి లేనివాడు ఇతనొక్కడే. ఆ లోటుకు బదులుగా ఆట మొదట్లోనే పది ముక్కలు చేతికి వస్తాయి. శక్తిని "వరము" అనడం, అది రాసే చోటును "గడి" అనడం నాకు ఎంతో నచ్చాయి.

తాడిపత్రి నుండి వచ్చిన విమర్శ: "అన్నా, పద్యం బాగుంది కానీ 'మోపుగాఁ బడవేసి' అన్నది ఆటలో జరగదు. బరిలో ఇప్పటికే పరిచిన ముక్కల దెబ్బ విలువలన్నీ కలిస్తే వచ్చే సత్తువను బట్టే తర్వాతి ముక్కను వేయగలము. మొదటి వంతులోనే పెద్ద పట్లు వేయడం ఎవరి తరమూ కాదు కదా."

ఈ ఆక్షేపణ న్యాయమైనదే. ఆదోని వారు దానిని ఒప్పుకొని మూడవ పాదాన్ని "ముక్క వెంట ముక్క మోపు పెంచుచుఁ బోయి" అని సవరించారు. ము, మో యతి చెదరలేదు, సత్తువ మెల్లమెల్లగా పెరగడం కూడా పద్యంలోకి వచ్చింది. సవరణతో పద్యం మునుపటి కంటే మెరుగైంది.

ప్రొద్దుటూరు మిత్రులు పంపిన పూరణ:

రెండు ముక్క లిచ్చి రింగులోఁ దోసిన
వంతు రాఁగ రెండు వచ్చి చేరు
దెబ్బ దెబ్బ కొకటి తీసివేయఁగ నిట్లు
చేత లేని వాఁడె జెట్టి యయ్యె

గడియారం వేంకటశేషశాస్త్రి గారూ, దుర్భాక రాజశేఖర శతావధాని గారూ అవధానాలు చేసిన ఊరి నుండి వచ్చిన పద్యానికి ఆ మాత్రం ధార ఉండడం సహజమే. మాన్‌కైండ్ అనే మల్లుడి ముక్క స్వభావమంతా ఇందులో ఉంది. ఆరంభంలో అతని చేతికి వచ్చేవి రెండే ముక్కలు. అయితే తన వంతు వచ్చినప్పుడల్లా రెండేసి ముక్కలు తీస్తాడు, ఎదుటివాడు కొట్టే ప్రతి దెబ్బలోనూ ఒకటి తగ్గుతుంది. ఇన్నింటిని మూడు పాదాలలో ఇరికించినట్లు కాకుండా చెప్పడం తేలిక కాదు.

కడప నుండి రెండు ఆక్షేపణలు వచ్చాయి. "రింగు" అన్యదేశ్యమనీ, "గోదా" అన్న మాట ఉండగా అది ఎందుకనీ మొదటిది. రెండు ముక్కలున్న వాడిని "చేత లేని వాడు" అనడం అతిశయోక్తి అనీ రెండవది. మొదటి దానితో నేను ఏకీభవించను. "గోదా" అంటే "రె"తో యతి పోతుంది. పైగా రింగు అన్న మాట మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలిసినదే. వేమన నడిపిన ఛందస్సులో జనం మాటకు చోటు లేదనడం నాకు సమ్మతం కాదు. రెండవ దానిలో కొంత నిజం ఉన్నా, ఆ రెండూ వేసేశాక చెయ్యి ఖాళీయే కదా. చిన్ని కృష్ణుని వెన్నముద్ద పద్యంలో వలె "చేత" అంటే చేతిలో అన్న అర్థం తెలుగులో చిరకాలంగా ఉన్నదే.

ఇంతవరకూ వచ్చిన రెండు పద్యాలూ మొదటి సంచిక ముక్కల మీదివే. మనం వాదిస్తున్నది ఎక్స్‌పాన్షన్ల గురించి. ఆ కొరతను అనంతపురం సోదరి తీర్చారు. ఆమె మొదట పంపిన పద్యం ఇది:

పోరు మొదలుకాక పొంచిన ముక్కలు
పక్క కట్ట నుండి పైకి వచ్చె
పాత ముక్క లన్ని నేఁడు పదునుదేరె
చేత లేని వాఁడె జెట్టి యయ్యె

మూడవ పాదంలో గణాలు సరిపోయాయి కానీ నాలుగవ గణం "నే"తో మొదలవడం వల్ల "పా"తో యతి కుదరలేదు. చెల్లెమ్మా, "పాత ముక్క లన్ని పదును దేరఁగఁ జూడు" అంటే పా, ప యతి చక్కగా నిలుస్తుంది, "నేఁడు" అన్న వ్యర్థపదం కూడా తొలగిపోతుంది. ఆమె గంటలోపే ఈ మార్పును అంగీకరించారు.

ఈ పద్యం "బ్యాక్‌లాష్" ఎక్స్‌పాన్షన్ గురించి. కుస్తీ మొదలుకాక ముందే వేసే ముక్కలూ, వాటిని దాచుకునే వేరొక చిన్న కట్టా ఆటలోకి వచ్చింది దానితోనే. కడప మిత్రులు దీనిని గట్టిగా వ్యతిరేకించారు. పోరుకు ముందే పోరు తేలిపోతోందనీ, మొదటి ఎక్స్‌పాన్షన్ అయిన "ఫుల్లీ లోడెడ్" కొత్త మల్లులను తెచ్చిందే తప్ప ఆట నడకను కదిలించలేదు కనుక అదే మేలనీ వారి వాదం. వారి మాటను నేను తీసిపారేయను. మా వసారాలో కూడా ఒకసారి ముందస్తు ముక్కల బలంతోనే ఒకరు గెలిస్తే, ఓడినవాడు కట్టను కూడా ఎత్తకుండా లేచి వెళ్లిపోయాడు.

అయినా నా మొగ్గు అనంతపురం వైపే. ఎక్స్‌పాన్షన్ కూడా ఒక పూరణే. ఇచ్చిన పాదాన్ని చెరపకుండా, ముందు కనబడని అర్థాన్ని అందులో నుండి పైకి తీయాలి. "ఫుల్లీ లోడెడ్" కొత్త పాత్రలను చేర్చింది, అది మంచి పనే. అయితే ఏళ్ల తరబడి అట్టపెట్టె అడుగున పడి ఉన్న నా పాత ముక్కలను మళ్లీ బయటికి తీసి, ఒక్కొక్కటే ఆరబెట్టి, కట్టలో చేర్చుకునేలా చేసింది "బ్యాక్‌లాష్" మాత్రమే. "పాత ముక్క లన్ని పదును దేరఁగఁ జూడు" అన్న పాదం అచ్చంగా ఆ సంగతినే చెప్పింది. అందుకే ఈ వారం ప్రథమ స్థానం ఆ పద్యానికి ఇస్తున్నాను. నిర్మాణంలో మాత్రం ప్రొద్దుటూరు వారిదే పైచేయి.

వచ్చే ఆదివారానికి సమస్య, తేటగీతిలో నాలుగవ పాదం: "పారవేసిన ముక్కయె ప్రాణ మిచ్చె." రెండు ముక్కలు వదులుకొని, పక్కకు పోయిన వాటిలో నుండి ఒకదాన్ని తిరిగి చేతికి తెచ్చుకునే మల్లుడు అండర్‌టేకర్‌ను కడప మిత్రులు ఎలా పూరిస్తారో చూడాలని ఉంది.