నాన్నకు ఫ్లూ టీకా వేయించాలా? వేయించినవారు చెప్పండి

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి
నాన్నకు 74 ఏళ్లు. చక్కెర వ్యాధి ఉంది, గుండెకు స్టెంటు వేశారు. నిరుడు రథయాత్రలో వానకు తడిసి వచ్చారు. రెండు రోజులకు జ్వరం పట్టుకుంది, అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. శ్రీకాకుళంలో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఈసారి వానలకు ముందే ఫ్లూ టీకా వేయించమని డాక్టరు చెప్పారు. నాన్నేమో, "వేసుకుంటే జ్వరం రాదని కాగితం మీద రాసిమ్మను, అప్పుడు చూద్దాం" అంటున్నారు. ఏం చెప్పి ఒప్పించను?

నాగావళి గట్టు, రాయగడ
అలా ఎవరూ రాసివ్వరండీ. మా అమ్మకు మూడేళ్లుగా ఏటా వేయిస్తున్నాం. రెండో ఏడు టీకా వేసుకున్నాక కూడా ఫ్లూ వచ్చింది, పరీక్షలో అదేనని తేలింది. నాలుగు రోజులు మంచం పట్టి లేచి, ఐదో రోజు కాఫీ చల్లారిందని కోడలిని కసిరింది. టీకా లేని ఏడాది ఇదే జబ్బుకు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదని తెలుసు, చూసింది చెప్పాను.

బరంపురం బాబాయి
మా ఇంట్లో మాత్రం డబ్బు దండగ. వేయించిన మర్నాడే ఒళ్లు వెచ్చబడింది. నెల తిరగకుండా దగ్గు, జలుబు. టీకాయే జ్వరం తెచ్చిందని మా ఆవిడ ఇప్పటికీ నన్ను దెప్పుతుంది.

గుణుపురం నర్సమ్మ
బాబాయిగారూ, 28 ఏళ్లు సూదులు వేసి పదవీ విరమణ చేసినదాన్ని, నా మాట కాస్త వినండి. పెద్దలకు ఇక్కడ వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, ఒళ్లు వెచ్చబడటం మామూలే. నెల తరువాత వచ్చిన దగ్గు ఏ వైరస్ వల్లనైనా కావచ్చు. జలుబు తెచ్చే వైరస్‌లు వందకు పైగా ఉన్నాయి, ఈ టీకా అడ్డుపడేది ఫ్లూకు మాత్రమే.

దానికీ పూర్తిగా అడ్డుపడదు. ఆ ఏడు తిరిగే వైరస్‌తో టీకా బాగా కుదిరితే, అన్ని వయసులవారినీ కలిపి చూసినప్పుడు, ఫ్లూతో డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన ముప్పు 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. 65 దాటినవారికి సాధారణంగా అంతకంటే తక్కువే. వయసు మీరిన ఒంట్లో రోగనిరోధక శక్తి మందకొడిగా స్పందిస్తుంది. ఫ్లూ వైరస్‌లలో హెచ్3ఎన్2 అనే రకం ఎక్కువగా తిరిగే ఏడు మరీ తక్కువ. అయినా ఎందుకు వేయించమంటానంటే, ఫ్లూతో ఆసుపత్రి పాలయ్యేవారిలో, చనిపోయేవారిలో ముసలివారే ఎక్కువ. వారికి సగం కాదు, మూడో వంతు ముప్పు తగ్గినా లాభమే.

పర్లాకిమిడి తమ్ముడూ, స్టెంటు ఉందన్నావు కనుక ఇంకో మాట. ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే సుమారు ఆరు రెట్లు ఉన్నట్టు 2018లో కెనడా పరిశోధకులు చూపించారు. నాన్నగారికి ఇది చెప్పు. అన్నట్టు, ఆయనకు జబ్బు చేసింది వాన కాదు. ఆ గుంపులో ఎవరో పక్కనే దగ్గి ఉంటారు.

ప్రాణహిత పక్కన, సిరొంచ
నేను చేసిన రెండు పొరపాట్లు చెబుతాను, మీరు చేయకండి.

అమెరికా వారి సలహా చదివి మా అత్తగారికి అక్టోబరులో వేయించాను. అది వారి చలికాలపు లెక్క. మన దేశంలో చాలా చోట్ల ఫ్లూ జోరు వానాకాలంలో, మళ్లీ కొంత జనవరి నుంచి మార్చి దాకా. టీకా బలం నెలనెలా తగ్గుతుంది. జులై వచ్చేసరికి ఆమెకు ఏం మిగిలి ఉంటుంది? మనకు మే నెలాఖరు, జూన్ మొదలు మంచిది. టీకా పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది. పెట్టె మీద ఏ ఏడాదిదో తప్పక చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, టీకాలో ఏ వైరస్ రకాలు ఉండాలో చెబుతుంది.

రెండోది ఇంకా సిగ్గుచేటు. మా ఊళ్లో దొరకక మంచిర్యాలలో కొని, ఐసు గడ్డల మధ్య దోపి బస్సులో తెచ్చాను. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి గడ్డకట్టింది. నర్సు వేయనంది. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకడితే పారేయడమే. ఇప్పుడు మందును తేవడం మానేసి, అత్తగారినే మంచిర్యాల తీసుకువెళుతున్నాను. ఆమెకు చీరల దుకాణం కూడా కలిసి వస్తోంది.

మహేంద్రతనయ ఒడ్డు
అమెరికాలో పెద్దలకు ఎక్కువ మోతాదు టీకా వేస్తారట. దానికోసం ఆగాలా?

గుణుపురం నర్సమ్మ
నిజమే, అందులో యాంటిజెన్, అంటే రోగనిరోధక శక్తిని మేల్కొలిపే పదార్థం, నాలుగు రెట్లు. 65 దాటినవారి మీద చేసిన పెద్ద పరీక్షలో మామూలు దానికంటే సుమారు 24 శాతం మెరుగ్గా పనిచేసింది. కానీ మందు కోసం చూస్తుంటే వానలు ఆగవు. దొరికిన మామూలుదే వేయించు. గుడ్డు పడకపోయినా, మునుపు ఏ టీకాకైనా ఒళ్లు దద్దురెక్కినా డాక్టరుకు ముందే చెప్పాలి. న్యూమోనియా టీకా వేరే, దాని సంగతీ ఆయననే అడుగు.

మహేంద్రతనయ ఒడ్డు
ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. గుండెపోటు మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. రథయాత్రకు పదిహేను రోజుల ముందు వేయించుకుంటారట. పాతపట్నంలో ఈ టీకా నిల్వ ఉంచే చోటు ఎవరికైనా తెలుసా?

బరంపురం బాబాయి
దొరికితే ధర ఎంతో ఇక్కడ రాయండి. వేయించుకుందామని కాదు, ఊరికే తెలుసుకుందామని.