జంతువుల బొమ్మలున్న టారో డెక్ కొనాలి, ఏం చూసి ఎంచుకోవాలి?

కావలి కలువ

నమస్కారం అండి. ఏడాదిన్నరగా 1909 నాటి బొమ్మలున్న మామూలు టారో (అర్థం చెప్పుకునే బొమ్మల కార్డులు) డెక్‌తో నేర్చుకుంటున్నాను. పొద్దున కాఫీ అయ్యాక ఒక కార్డు తీసి దాని ముందు పది నిమిషాలు కూర్చుంటాను. భవిష్యత్తు తెలుసుకోవాలని కాదు, మనసులో ఏముందో చూసుకోవడానికి.

మా ఇంట్లో పద్నాలుగేళ్లు పెరిగిన కుక్క మొన్న వేసవిలో పోయింది. అప్పటి నుంచి ఫూల్ కార్డు వచ్చిన ప్రతిసారీ ఆ యువకుడి కాళ్ల దగ్గర గంతులేసే తెల్ల కుక్కపిల్లే కనబడుతోంది, మనిషి కనబడడం లేదు. అందుకే జంతువుల డెక్ ఒకటి కొనుక్కుందామని అనుకుంటున్నాను. రెండు వేల రూపాయల లోపు అయితే బాగుంటుంది. కావలిలో చేత్తో పట్టుకుని చూసే వీలు లేదు, ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ అందంగానే ఉన్నాయి. మీరు ఏం చూసి కొన్నారు? కొన్నాక దేనికి బాధపడ్డారు?

ఒంగోలు గిత్త

అమ్మా, ముందుగా ఒక్క సంగతి చూసుకోండి. పెట్టె మీద జంతువు బొమ్మ ఉన్నంత మాత్రాన అది టారో కాదు. టారో అంటే 78 కార్డులు: మేజర్ ఆర్కానా, అంటే ఫూల్, మూన్ లాంటి పెద్ద కార్డులు 22, మైనర్ ఆర్కానా, అంటే చిన్న కార్డులు 56. ఆ 56 కూడా వాండ్స్ (కర్రలు), కప్స్ (గిన్నెలు), స్వోర్డ్స్ (కత్తులు), పెంటకిల్స్ (నాణేలు) అని నాలుగు వర్గాలుగా, ఒక్కో వర్గానికి 14 చొప్పున ఉండాలి. జంతువుల పేరుతో అమ్మే వాటిలో చాలా వరకు ఆరకిల్ డెక్‌లు. వాటికి లెక్కా లేదు, వర్గాలూ లేవు, తయారుచేసినవారి ఇష్టం.

నేను సరిగ్గా ఇక్కడే పొరబడ్డాను. కిమ్ క్రాన్స్ అనే చిత్రకారిణి గీసిన డెక్‌లలో రెండింటి సంగతి చెబుతాను. వైల్డ్ అన్‌నోన్ టారో 78 కార్డులది. అదే పేరుతో వచ్చే యానిమల్ స్పిరిట్ డెక్‌లో 63 కార్డులే, అది టారో కాదు. పేరు చూసి తొందరపడి రెండోదానికి డబ్బు కట్టాను. బొమ్మలు చాలా బాగున్నాయి, కానీ నేను నేర్చుకున్న స్ప్రెడ్‌లు, అంటే కార్డులు పరిచే పద్ధతులు, దానితో కుదరలేదు.

ఇంకొకటి. మీ పాత డెక్‌లోనే ఎన్ని జంతువులున్నాయో ఒకసారి కూర్చుని చూడండి. స్ట్రెంత్‌లో సింహం, సన్‌లో తెల్ల గుర్రం, క్వీన్ ఆఫ్ వాండ్స్ కాళ్ల ముందు నల్ల పిల్లి, పేజ్ ఆఫ్ కప్స్ గిన్నెలో నుంచి తల ఎత్తిన చేప, క్వీన్ ఆఫ్ పెంటకిల్స్ పక్కన కుందేలు. కింగ్ ఆఫ్ పెంటకిల్స్ సింహాసనానికి ఎద్దు తలలు చెక్కి ఉంటాయి. మా ఊరివాడిని కాబట్టి ఆ కార్డు నాకు సొంత కార్డు. మన ఒంగోలు జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి, అక్కడ నెలోర్ అనే పేరుతోనే మందలు మందలుగా పెరిగాయి. మూపురం, గంగడోలు, ఆ నిలకడైన నడక చూసినవాడికి ఆ రాజు ఎలాంటివాడో వేరే చెప్పాలా? జంతువుల డెక్‌లో ఆ స్థానంలో ఏ జంతువును పెట్టారో చూడండి. మీకు తెలిసిన జంతువై ఉండాలి.

పెన్న ఒడ్డు

నేను నెల్లూరులో మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్లకు అప్పుడప్పుడు కార్డులు తీసి రీడింగ్ చేస్తుంటాను, డబ్బు తీసుకోను. మనుషుల బొమ్మలున్న డెక్‌తో ఒక ఇబ్బంది ఉంది. ఎదుట కూర్చున్నవారు కార్డు చూడగానే అందులో మనుషులను వెతుక్కుంటారు. క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చిందంటే చాలు, "ఈవిడ మా అత్తగారే కదా?" అంటారు. ఇక అక్కడి నుంచి మాట అత్తగారి మీదికే పోతుంది, అడగడానికి వచ్చిన సంగతి పక్కకు జరుగుతుంది.

జంతువుల డెక్ తెచ్చాక అది పోయింది. హంసను చూసి ఎవరూ అత్తగారిని వెతకరు. కాసేపు చూసి, "ఈ హంస మెడ వంచుకుని ఎందుకు ఉంది?" అని తమ మాటే తాము మొదలుపెడతారు. మొన్న ఒకామె అలా మొదలుపెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడింది, నేను ఒక్క మాట కూడా చెప్పలేదు.

అయితే పోయేది కూడా ఉంది కలువ గారూ. ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్ గుర్తు తెచ్చుకోండి. మంచులో ఇద్దరు నిరుపేదలు, ఒకరికి ఊతకర్రలు, పైన చర్చి కిటికీలో వెలుగు. ఆ బొమ్మ చూడగానే కడుపులో కలుక్కుమంటుంది. మనుషులు లేనప్పుడు ఆ బాధను జంతువు మోయాలి. కొన్ని డెక్‌లలో చిన్న కార్డులకు ఐదు నాణేలు, పక్కన ఒక ఆకు వేసి వదిలేస్తారు. అలాంటిది కొంటే ప్రతిసారీ పుస్తకం తెరవాల్సిందే. కొనే ముందు మేజర్ కార్డుల బొమ్మలు చూసి మురిసిపోవద్దు, మైనర్ కార్డులు చూపించమని అడగండి.

ఇందుకూరుపేట చెరువు

మూన్ కార్డు గురించి నేను చెప్పాలి. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మాకు రొయ్యల చెరువులున్నాయి. పాత డెక్‌లో మూన్ కార్డు తీసి కింది భాగం చూడండి. పైన కుక్క, తోడేలు చంద్రుడి వైపు మోరలెత్తి ఉంటాయి, అందరూ వాటినే చూస్తారు. కింద నీటిగుంటలో నుంచి ఒక జీవి గట్టు మీదికి పాకుతుంటుంది. క్రేఫిష్ అంటారు, పెద్ద గోళ్లున్న మంచినీటి రొయ్య లాంటిది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే మా చెరువు గట్టు మీద చంద్రుడికీ రొయ్యకూ ఉన్న సంబంధం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

అమావాస్య, పౌర్ణమి దగ్గరపడుతున్నాయంటే మేము ముందే జాగ్రత్త పడతాం. ఆ రోజుల్లో రొయ్యలు ఎక్కువగా పై గుల్ల వదులుతాయి. పాత గుల్ల ఇరుకవుతుంది, అది వదిలితే తప్ప రొయ్య పెరగదు. వదిలాక కొత్త గుల్ల గట్టిపడే దాకా ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, పక్కనున్న రొయ్యే దాన్ని తినేస్తుంది. అందుకే ఆ రాత్రి మేత తగ్గిస్తాం, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా కాపలా ఉంటాం. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి లాగి టార్చి వేస్తే వదిలిన గుల్లలు కనబడతాయి. మీసాలు, కాళ్లు అన్నీ ఉంటాయి, లోపల రొయ్య మాత్రం ఉండదు. వేళ్ల మధ్య పట్టుకుంటే తడిసిన ఉల్లిపొరలా ఉంటుంది.

మా అన్నదమ్ములం వేరుపడిన నెలలో నాకు మూన్ కార్డు మూడుసార్లు వచ్చింది. పుస్తకంలో భ్రమ, భయం, మోసం అని ఉంది. నాకు మాత్రం గుల్ల వదిలిన రొయ్య కనబడింది. ఇప్పుడు నోరు పెంచే సమయం కాదు, కొన్నాళ్లు అడుగున ఉండాలి అనుకున్నాను. అలాగే ఉన్నాను. ఈ రోజు మా అన్నయ్యతో మాటలున్నాయంటే ఆ కార్డు వల్లే అని నమ్ముతాను.

తరువాత ఎంతో ఇష్టపడి ఒక జంతువుల డెక్ కొన్నాను. అందులో మూన్ కార్డు మీద తోడేలు ఒక్కటే ఉంది. రొయ్య లేదు, నీరు కూడా లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక తోడేలును చూడలేదు. ఆ డెక్ అలమరలోనే ఉంది. కలువ గారూ, మీకు ఏ కార్డు బాగా దగ్గరైందో ఆ కార్డునే ముందు తెరిచి చూడండి. అది నచ్చకపోతే మిగతా 77 ఎంత బాగున్నా కొనవద్దు.

మూలాపేట

పైన ఒంగోలు పెద్దాయన చెప్పిన వైల్డ్ అన్‌నోన్ టారో నా దగ్గర ఉండేది. అందులో రాజు, రాణి ఉండరు. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు ఉంటారు. పెంటకిల్స్ కుటుంబం జింకలు, కప్స్ హంసలు, వాండ్స్ పాములు, స్వోర్డ్స్ గుడ్లగూబలు. మిగతా మూడింటితో నాకు ఏ ఇబ్బందీ లేదు. మా అమ్మ నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనిషి, పాముల కార్డులు చూసి దణ్ణం కూడా పెట్టుకుంది. గుడ్లగూబను మాత్రం ఇంట్లో ఉంచనివ్వలేదు. దానికి తోడు గుడ్లగూబ వచ్చిన ప్రతిసారీ ఆలోచన మొదలయ్యే లోపే నా గుండె కూడా ముడుచుకునేది. చిన్నప్పటి భయం అంత తేలికగా పోదు. ఆ డెక్‌ను బెంగళూరులో ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను.

కోవూరు వరి

తమ్ముడూ, అమ్మగారి మాట కాదనలేవు, నిజమే. కానీ గుడ్లగూబను మా పొలంలో ఒక్క రాత్రి చూసి ఉంటే ఆ డెక్‌ను ఇచ్చేవాడివి కాదు. వరి పొట్టదశలో ఎలుకలు పడితే తెల్లారేసరికి దుబ్బులు దుబ్బులు కొరికి పడేస్తాయి. పొలంలో అక్కడక్కడా అడ్డకర్ర కట్టిన కర్రలు పాతుతాం. పగలు కాకి, ఏట్రింత వాలతాయి, రాత్రి గుడ్లగూబ వచ్చి కూర్చుంటుంది. అది ఎగిరితే చప్పుడే ఉండదు, రెక్క అంచున ఈకలు దువ్వెన పళ్లలా ఉండి గాలి శబ్దాన్ని విరిచేస్తాయి. చీకట్లో చూడడం, చప్పుడు చేయకపోవడం, ఒకే దెబ్బకు తేల్చేయడం. స్వోర్డ్స్ అంటే ఇదే కదా. చిత్రకారిణి ఊరికే పెట్టలేదు.

ఒంగోలు గిత్త

మీ ఇద్దరి మాటల్లోనూ ఉన్న సంగతి ఒకటే అనిపిస్తోంది. ప్రతి జంతువు గురించి మన ఇంట్లో ముందే ఒక మాట ఉంది. నక్క వస్తే పుస్తకం జిత్తులమారితనం అంటుంది. మనకూ జిత్తులమారి నక్క కథలున్నాయి, అయినా అదృష్టం కలిసొచ్చినవాడిని "నక్క తోక తొక్కి వచ్చాడు" అంటాం. నాకు నక్క కార్డు వస్తే రెండో మాటే ముందు గుర్తొస్తుంది. అదే వైల్డ్ అన్‌నోన్‌లో హెర్మిట్ కార్డుకు తాబేలును వేశారు, వీపు మీద దీపంతో. గీతలో స్థితప్రజ్ఞుడికి చెప్పిన పోలిక తాబేలే, అవయవాలను లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను మళ్లించుకునేవాడని. ఆ కార్డుకు నాకు పుస్తకం అక్కరలేదు. బీవర్ లాంటి మనం ఎరగని జంతువు వస్తే మాత్రం తెరవాల్సిందే.

కందుకూరు చిలక

మా తాతగారు చిలక జోస్యం చెప్పేవారు. పంజరం తలుపు తీస్తే చిలక నడుచుకుంటూ వచ్చి, ముక్కుతో ఒక చీటీ లాగి, ఒక వడ్లగింజ తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లిపోయేది. రామచిలుకకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ ఉంది, పంజరంలో పెంచడం నేరం. 2018 నుంచి అది మన రాష్ట్ర పక్షి కూడా. తాతగారి చిలక పోయాక మా ఇంట్లో మళ్లీ పంజరం పెట్టలేదు.

డెక్‌తో పాటు ఒకటో రెండో ఖాళీ కార్డులు వస్తుంటాయి, పారేయకండి. నా డెక్‌లో చిలక లేదని ఒక ఖాళీ కార్డు మీద నేనే వేసుకున్నాను, పంజరం లేకుండా.

గూడూరు నిమ్మ

కొనే సంగతి రాస్తాను. సగం ధరకు వస్తోందని ఒక చోట తెప్పించి మోసపోయాను. కార్డులు చిన్నవిగా ఉన్నాయి. అసలు టారో కార్డు సాధారణంగా 70 మిల్లీమీటర్ల వెడల్పు, 120 పొడవు ఉంటుంది. పుస్తకానికి బదులు ఫోనుతో స్కాన్ చేసే ఒక గుర్తు ఇచ్చారు. రంగులు మాసినట్టున్నాయి, జింక కళ్లు నల్ల మచ్చల్లా కనబడ్డాయి. జంతువుల డెక్‌కు కళ్లే ప్రాణం. అమ్మకం పేజీలో కొలత, పుస్తకం పేజీల సంఖ్య లేకపోతే కొనకండి.

వెనక వైపు బొమ్మ కూడా చూసుకోండి. తలకిందులుగా తిప్పినా ఒకేలా ఉండాలి. లేకపోతే కార్డు తిరగబడి వచ్చిందని తీయకముందే తెలిసిపోతుంది. ఇక మన తీరం తేమకు కార్డులు వంపు తిరుగుతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీ ఎక్కువ. మూత బిగుతుగా ఉండే డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి పెట్టండి.

కావలి కలువ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం రైల్లో నెల్లూరు వెళ్లి పెన్న ఒడ్డు అక్క ఇంట్లో రెండు డెక్‌లు చూసి వచ్చాను. అక్క అన్నం పెట్టి మరీ చూపించింది. మీరందరూ చెప్పినవి గుర్తు పెట్టుకుని ఫూల్, మూన్, డెత్, ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్ మాత్రమే తీసి నేల మీద పరిచాను.

మొదటి డెక్‌లో టెన్ ఆఫ్ స్వోర్డ్స్ దగ్గరే ఆగిపోయాను. పది కత్తులు గుచ్చుకుని పడి ఉన్న జంతువు. మనిషి బొమ్మ అయితే ఏడాదిన్నరగా చూస్తూనే ఉన్నాను, తట్టుకున్నాను. జంతువును అలా చూడలేకపోయాను, మా కుక్క చివరి రోజులు కళ్ల ముందుకొచ్చాయి. ఆ కార్డు రోజూ పొద్దున చేతిలోకి వస్తే నేను కూర్చోలేను.

రెండోది వైల్డ్ అన్‌నోన్. ఫూల్ కార్డులో కుక్కపిల్ల లేదు, కొమ్మ మీద చిన్న పక్షిపిల్ల ఉంది. కొంచెం నిరాశ కలిగింది. కానీ తాబేలు కార్డు చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు. గుడ్లగూబల సంగతి మా ఇంట్లో అడిగాను. మా అత్తగారు కోవూరు అన్న రాసింది చదివించుకుని, "ఎలుకలను తినేదయితే ఉండనీ" అన్నారు. అసలైనదే చూసి తెప్పించాను, నిన్న వచ్చింది, బడ్జెట్ కొంచెం దాటింది. పాత డెక్‌లో నుంచి కుక్కపిల్ల ఉన్న ఫూల్ కార్డును తీసి దీని పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాను. ఇప్పుడు 79 ఉన్నాయి.

గూడూరు నిమ్మ

అక్కా, కలిపేటప్పుడు ఆ కార్డును బయట పెట్టండి. రెండు డెక్‌ల కార్డులు ఒకే కొలతలో ఉండవు, అంచులు నలుగుతాయి. విడిగా ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటే పదేళ్లు చెక్కుచెదరదు.