1972 అంబాసిడర్ బేరం పెట్టాను, అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనే ఆంధ్రాలోని పాతపట్నంలో ఒక రైస్‌మిల్లు షెడ్డులో 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. పెట్రోలు బండి, హ్యాండిల్ గేరు (స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ). చూడగానే మనసు పడిపోయింది, అదే నా భయం.

మొన్న ఫ్రిజ్ మీదుండే అయస్కాంతం జేబులో వేసుకెళ్ళాను. తలుపుల పైన గట్టిగానే అంటుకుంది. తలుపుల కిందుండే గుమ్మాల దగ్గర, డిక్కీ అడుగున మాత్రం జారిపోయింది. అంటే లోపల తుప్పు తినేస్తే లప్పం కొట్టి రంగేసినట్టేనా? ఈ బండికి విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బరువు మోస్తుంది కదా. రేకు మార్చి వెల్డింగ్ చేయిస్తే నిలుస్తుందా?

ఇంకోటి, నేను వెళ్ళేసరికే బానెట్ వెచ్చగా ఉంది. చల్లని ఇంజన్‌లో బయటపడే లోపాలు కనబడకుండా ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట! ఈసారి చెప్పకుండా పొద్దున్నే వెళ్తాను. చల్లని ఇంజన్‌లో నీలం పొగ (ఆయిల్ కాలుతోందనే గుర్తు) కాకుండా ఇంకేం గమనించాలి?

కాగితాల సంగతి మరీ గందరగోళం. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) ఆంధ్రాది, గడువు దాటింది. అక్కడ రెన్యువల్ చేయించాక ఒడిశాకి మార్చుకోడానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలా? 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, ఫీజు 20,000. కానీ అది తీసుకుంటే రోజువారీ తిరగకూడదట. నాకేమో నెలకోసారైనా బరంపురం వెళ్ళాలని ఆశ. ఒడిశాలో ఇలా మార్పించుకున్నవాళ్ళుంటే దయచేసి చెప్పండి, ఆదివారంలోగా మాటివ్వాలి.